గంట కట్టిన మోటారు సైకిలు

ఆ కాలంలో జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల తాలూకాలు మూడూ గాలించినా మా బావ ఆదినారాయణ మోటారు సైకిలు కంటే వేగంగా పోయే బండి ఇంకొకటి దొరికేది కాదు. దాని వెనక సీటులో కూర్చొని పెన్నలో దిగినవాణ్ణి నేనే కాబట్టి నా మాట మీరు నమ్మవచ్చు. నమ్మనివాళ్ళు అప్పట్లోనూ ఉన్నారు. వాళ్ళలో ఎవరూ ఇప్పుడు లేరు, నేనున్నాను. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు. కర్నూలులో గుడారాల కింద సర్కారు కచేరీలు నడుస్తున్నాయని వింతగా చెప్పుకునే రోజులు. మాది పెద్దముడియం పక్కన ఊరు. ఆదినారాయణ మా మేనత్త రాజమ్మ కొడుకు. పొడుగాటి మనిషి, తలపాగా చుడితే వాకిట్లో వంగి రావలసిందే. ఇనుముతో చేసినది ఏది కనబడినా విప్పి చూడందే వాడికి అన్నం సయించేది కాదు. గోడ గడియారం రెండోసారి విప్పినప్పుడు రాజమ్మత్త దాన్ని దేవుడి గూట్లో పెట్టి తాళం వేసింది. అప్పటినుంచి ఆ ఇంట్లో నీడ చూసి వంట చేసేవాళ్ళు.

అలాంటి మనిషికి ప్రొద్దుటూరులో మోటారు సైకిలు కంటపడింది. యుద్ధం అయిపోయాక పటాలం వాళ్ళు వేలం వేసిన సరుకు. నాలుగు చేతులు మారి ఒక పత్తి దళారి ఇంటి వెనక పడి ఉంది. ఆయన దాన్ని తన్నీ తన్నీ మోకాలు వాచి, ఎవరైనా తీసుకుపోతే చాలు అనే స్థితికి వచ్చాడు. మా బావ పత్తి దించిన ఎద్దులబండిలోనే దాన్ని పడుకోబెట్టి తోలుకొచ్చాడు. బారుగా, బరువుగా, ఎండిన గడ్డి రంగులో ఉన్న ఆ ఇనుము చచ్చిన దున్నపోతులాగా మా ఊళ్ళోకి ప్రవేశించింది.

రాజమ్మత్త నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది.

"ఏందిరా ఇది? పాలిస్తాదా, మడక దున్నతాదా?"

"నడుస్తాదమ్మా."

"నడిచేదైతే బండ్లో ఎందుకెక్కిచ్చినావురా?"

దానికి జవాబు లాల్ బాషా దగ్గర ఉంది. లాల్ బాషా ప్రొద్దుటూరులో లారీలు బాగుచేసే మేస్త్రీ. మాటకు ముందు నవ్వు, నవ్వుకు ముందు బీడీ. బస్సు దిగి వచ్చి, వాకిట్లో గోనెపట్ట పరిచి, దాన్ని మొత్తం విప్పి, కిరసనాయిలుతో కడిగి, మళ్ళీ బిగించాడు. బిగించాక రెండు మరలు మిగిలాయి. వాటిని చూసి, "ఇవి ఎక్కువైనాయిలేప్పా," అని జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం అది మొదటిసారి పలికింది. పలకడమంటే మామూలుగా కాదు. మా ఊళ్ళో కోళ్ళు రెండు రోజులు గుడ్లు పెట్టలేదు.

ఆ పలుకుతోనే అసలు ముప్పు వచ్చింది. బావ దాన్నెక్కి వంక దాకా పోయి తిరిగి వస్తున్నాడు. ఎదురుగా చేలోనుంచి బండి వస్తోంది. బండిలో వాడి భార్య నిర్మలమ్మ. ఆమెది పులివెందుల. తండ్రి నారాయణ అంటే ఎద్దులకు పెట్టింది పేరు. అల్లుడి మొహం కంటే ఎద్దు మొహం ఎక్కువసేపు చూసే మనిషి. ఆయన పెళ్ళిలో కూతురికి అరణంగా ఇచ్చిన తెల్ల కోడెల జతే ఆ బండికి కట్టి ఉంది. మోటారు సైకిలు చప్పుడు వినగానే ఆ జత చెవులు నిక్కబొడుచుకొని, తోక లేపి, దారి వదిలి పారిపోయింది. కాసేపటికి మేము పోయి చూస్తే బండి వంకలో ఉంది, కాడి గట్టు మీద ఉంది, నిర్మలమ్మ రేగు కంపలో ఉంది.

దెబ్బలేమీ తగల్లేదు. ముళ్ళు మాత్రం తగినన్ని దిగాయి. రాజమ్మత్త దీపం పెట్టి సూదితో ముళ్ళు తీస్తుంటే, తీసిన ఒక్కొక్క ముల్లూ మొగుడి చేతిలో పెట్టింది నిర్మలమ్మ. చివరి ముల్లు పెట్టి చెప్పింది.

"నేను మా నాయన కాడికి పోతాండా. నేను తెచ్చుకున్న ఎద్దులు దీని పక్కన నిలబడి నెమరేస్తాంటే నా కండ్లతో చూడాల. అప్పుడొస్తా."

"అదెట్లవుతాది నిర్మలా? అవి మూగజీవాలు."

"నువ్వూ మూగజీవమే అయింటే బాగుండు. గడియారం జోలికీ పోయిండవు, దీని జోలికీ పోయిండవు."

రాజమ్మత్త ఇంకొక మెలిక వేసింది. "రేయ్, మూఢం వస్తాంది. మూఢం పడితే మూణ్ణెల్లు ఆడబిడ్డను మెట్టినింటికి పంపరు. ఆ లోపల కోడలు ఈ గడప తొక్కకపోతే, నీ దున్నపోతును కమ్మరికిచ్చి మడక కర్రులు చేపిస్తా. ఊరందరికీ ఒక్కొక్క కర్రు. చెప్తాండా."

ఆమె అన్నదంటే చేసేదే. మా బావకు భార్యా కావాలి, బండీ కావాలి. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. మర్నాడు రెండు పూటలదీ కలిపి తిని, నన్ను పిలిచాడు.

"ఓబులేసూ, మనం తప్పెక్కడ చేసినామో తెలుసునా?"

"మనం చేసినామా? నేనేం చేసినాను బావా?"

"గమ్మునుండు, విను. ఎద్దు దేన్ని చూసి బెదరదు? ఇంకో ఎద్దును చూసి బెదరదు. అంతేనా? అయితే దీన్ని ఎద్దును చేస్తే సరి."

అలా మొదలైంది ఆ పని, రాజమ్మత్త ఇంటి ముందర చావిట్లో. ఊళ్ళో పనిలేనివాళ్ళందరికీ పని దొరికింది. కూర్చొని సలహాలు చెప్పడం కూడా పనే కదా.

ముందు కొమ్ములు. మోటారు సైకిలు చేతులు తిన్నగా, పొట్టిగా ఉన్నాయని, బావిలో పనికిరాకుండా పోయిన ఇనుప గొట్టం తీసుకొచ్చాడు బావ. కమ్మరి ఆచారి ఆ గొట్టంలో బాగా ఎండిన పెన్న ఇసుక కూరి, రెండు మూతులూ బిగించి, కొలిమిలో ఎర్రగా కాల్చి వంచాడు. ఇసుక లేకుండా వంచితే గొట్టం నడుమ నొక్కుకుపోతుంది. వంగి వచ్చేసరికి అవి మేలుజాతి కోడె కొమ్ములే; భుజాలకంటే ఎత్తుగా లేచి వెనక్కి తిరిగాయి. వాటి కొనలకు ఇత్తడి కుప్పెలు తొడిగారు. ఎక్కి పట్టుకుంటే చేతులు రెండూ పైకి లేచి, మా బావ దేవుడికి మొక్కుతున్నట్టు ఉండేవాడు. మొక్కవలసిన అవసరం కూడా ఉంది లెండి.

తరువాత సీటు. పాత సీటు ఒక్క మనిషికే. నిర్మలమ్మకు చోటు కావాలి. ఆయిలింజన్లు వచ్చినాక మూలపడిన కపిల తోలు, బావిలోనుంచి నీళ్ళు తోడే ఆ తోలు తొండం, మా ఇంట్లోనే ఉండేది. దాన్ని ఆముదం పెట్టి మెత్తబరిచి, కోసి, కుట్టి, లోపల సొంత చేని పత్తి కూరారు. అంత పొడుగు సీటు నేను మళ్ళీ ఏ బండికీ చూడలేదు. వెనక ఆనుకోవడానికి ఏదైనా ఉండాలన్నాడు బావ. కూర్చున్నది జారి పడకూడదట. రాజమ్మత్త లోపలికి పోయి, తన మంచం తలవైపు కోళ్ళు రెండూ ఊడదీసి తెచ్చి ఇచ్చింది. ఆకూ పువ్వూ చెక్కిన కోళ్ళు. ఆనాటినుంచి ఆమె మంచం తలవైపున రాళ్ళు పెట్టుకొని పడుకుంది.

"కర్రులు చేపిస్తానన్నావు కదత్తా, మళ్ళా కోళ్ళెందుకిచ్చినావు?" అని నేను అడిగితే, "కర్రులు చేపిచ్చేది మూఢం వచ్చినాక. ఇంకా రాలేదు కదరా," అంది.

చీర చక్రంలో పడకుండా పక్కన వెదురు తట్ట కట్టారు. ఒళ్ళంతా ఎర్రమన్నూ సున్నమూ పట్టెలు తీర్చారు. అద్దం మాత్రం పీకేశారు. ఎందుకంటే మా ఊరి కోడె ఒకటి అందులో తన మొహం చూసుకొని, ఎవడో ఎదురొచ్చాడనుకొని, ఒక్క కుమ్ము కుమ్మింది. వెనక ఏం జరుగుతోందో చూసుకునే సాధనం ఆ రోజుతో పోయింది. ఇది గుర్తుపెట్టుకోండి.

అసలు తిప్పలు చప్పుడుతో. లాల్ బాషా మళ్ళీ బస్సు దిగి వచ్చి, కొమ్ములూ కోళ్ళూ చూసి, బీడీ తీసి పక్కన పెట్టాడు.

"అప్పా, నువ్వు నాకు మోటారు సైకిలు చూపిస్తావనుకుంటి. ఇదేంది, పెండ్లికొడుకును చేసినావు?"

"అదంతా నీకెందుకప్పా. చప్పుడు తగ్గించే మార్గం చెప్పు."

"చప్పుడు తగ్గియ్యాలంటే దాని నోరు మూయాల. నోరు మూస్తే ఊపిరాడదు. ఊపిరాడకపోతే పరుగు యాడిది?"

"పరుగెవరికి కావాలప్పా? పెండ్లాం కావాల నాకు."

లాల్ బాషా ఆ మాటకు కరిగిపోయాడు. బావుల దగ్గర ఆయిలింజను పొగగొట్టానికి తగిలించే పెద్ద ఇనుప డబ్బా ఉంటుంది కదా, అలాంటిది ఒకటి తెచ్చి దీని పొగగొట్టానికి అతికించాడు. అంతే, ఫిరంగి పోయి పిల్లి గుర్రు మిగిలింది.

ఇక్కడ నేను మొదట్లో అన్న మాట ఒకటి కొంచెం సర్దుకోవాలి. ఆ డబ్బా పెట్టినాక దాని వేగం ఎద్దు పరుగునడకతో సమానం. బరువెక్కితే ఎద్దు నడకతో సమానం. ఎత్తు ఎక్కవలసి వస్తే కుంటి ఎద్దుతో సమానం. మూడు తాలూకాల్లో దానికంటే వేగంగా పోనివి ఏమైనా ఉన్నాయా అంటే ఉన్నాయి, చెట్లున్నాయి. అయితే ఏం, నేను మొదట్లో చెప్పినప్పుడు మీరు కూర్చొని విన్నారా లేదా?

ఇక వాసన. ఎద్దుకు పెట్రోలు వాసన పడదు. అందుకని పెట్రోలు తొట్టికి గోనెపట్ట చుట్టి, చెనిక్కాయ చెక్క, అదే వేరుసెనగ నూనె తీయగా మిగిలిన పిండి, నానేసిన నీళ్ళు రోజూ దాని మీద చల్లేవాళ్ళం. రాత్రిళ్ళు దాన్ని కొట్టంలో ఎద్దుల వరుసలో, గడ్డి వేసే గాడి ముందర నిలబెట్టేవాళ్ళం. దాని పక్కన ముసలి ఎద్దు పెద్దోడు ఉండేది. పెద్దోడు అంటే మామూలు ఎద్దు కాదు. ఏళ్ళ తరబడి మా పత్తి బండ్ల వరుసకు అదే ముందు నడిచింది. బండివాళ్ళు పత్తి మీద నిద్రపోతున్నా, పెద్దోడి మెడలో కంచు గంట వింటూ మిగతా ఎద్దులన్నీ దాని వెంబడి ప్రొద్దుటూరు చేరేవి. కాలు పట్టు తప్పినాక దాన్ని కొట్టంలోనే ఉంచి మేపుతున్నారు. గంట కొయ్యకు వేలాడుతోంది.

తెల్ల కోడెలు మొదట్లో మోటారు సైకిలును చూసి బుసకొట్టేవి. పెద్దోడు మాత్రం దాన్ని తీరిగ్గా వాసన చూసి, చెక్క నీళ్ళ గోనెపట్టను నాకింది. పెద్దది నాకినాక చిన్నవాటికి భయం సగం పోయింది. మిగతా సగం పోవడానికి రాజమ్మత్త ఉపాయం చెప్పింది.

"పెద్దోని గంట కట్రా దానికి. ఆ గంట ఇంటే మన ఎద్దులు యాడున్నా నిమ్మళిస్తాయి."

బావ ఎగిరి గంతేశాడు. గంట ఊగి కొమ్ముకు తగలకుండా, ఎవడూ ఎత్తుకుపోకుండా, కమ్మరి చేత దాన్ని ముందు చక్రం పైన ఇనుప పట్టీతో శాశ్వతంగా బిగించేశాడు. ఇంజను పలికింది, గంట పలికింది. కొట్టంలో తెల్ల కోడెలు రెండూ తల తిప్పి చూసి, మళ్ళీ గడ్డి తిన్నాయి. బావ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ గంటకు ఎద్దులు నిమ్మళించడం ఒక్కటే కాదు, ఇంకొకటి కూడా చేస్తాయని మా ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. తెలిసినా ఒక్కడికీ ఆ మాట తోచలేదు.

మూఢం దగ్గరపడింది. పత్తి కూడా దించవలసిన కాలం. ఐదు బండ్లు పత్తి వేసుకొని నడిరేయికి ముందే ప్రొద్దుటూరు దారి పట్టాయి. ముందు బండి తెల్ల కోడెలది, తోలేది కమాల్ బాషా, మా అత్త ఇంట్లో తలపండిన సేద్యగాడు. బావ కోడి కూసినాక పులివెందులకు బయలుదేరాడు. వెనక సీటులో నేను, నా ఒళ్ళో మామగారింటికని చేసిన నువ్వుండల గంప.

తెల్లవారేసరికి జమ్మలమడుగు కనుచూపు మేరలో పత్తి బండ్లు కనబడ్డాయి. బండివాళ్ళు ఐదుగురూ దుప్పట్లు కప్పుకొని గాఢనిద్ర. కమాల్ బాషా కూడా పగ్గాలు చేతిలోనే పెట్టుకొని గుర్రు పెడుతున్నాడు.

"బావా, పక్కనుంచి పోతాండామా? బెదిరితే ఐదు బండ్ల పత్తి పెన్న పాలు."

"ఈడ బెదిరితే పులివెందుల్లో బెదరవా? ఇప్పుడే తేలిపోనీ."

ఊపిరి బిగబట్టి పక్కగా పోయాము. గణ గణ, గుర్రు గుర్రు. ఒక్క ఎద్దు చెవి కదిలింది. అంతే. ఐదు బండ్లూ దాటి ముందుకు వచ్చేశాము. బావ గట్టిగా అరవబోయి, ఎద్దులు బెదురుతాయని అరుపును మింగేశాడు.

"చూసినావారా! నిర్మల ఈడుండింటే!"

జమ్మలమడుగులో అప్పుడే జనం లేస్తున్నారు. మిషను ఆసుపత్రి దగ్గర టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు పట్టుకొని రోడ్డు మీదికి వచ్చి చూశారు. ఒకాయన పక్కాయన్ను తట్టి చూపించాడు. కొందరు నవ్వుతున్నారు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"చూడు, ఎట్ల చూస్తాండారో! ఇట్లాంటి బండి ఈళ్ళు పుట్టి బుద్ధెరిగినాక చూసుండరు," అని బావ కొమ్ము వదిలి ఒక చేత్తో సలాం చేశాడు. జనం ఇంకా ఎక్కువ నవ్వారు. బావ రెండో సలాం కూడా చేశాడు.

ప్రొద్దుటూరుకు ఒక దారి, ముద్దనూరు మీదుగా పులివెందులకు ఇంకొక దారి. మేము పులివెందుల దారి పట్టి పెన్నలో దిగాము. నీళ్ళు లేవు, ఇసుకే. బండ్లబాటలో కొంచెం దూరం పోయి, వెనక చక్రం ఇసుకలో కూరుకుపోయి, మోటారు సైకిలు ఊపిరి వదిలింది. ఇంజను ఆగింది.

ఆగినాక వినబడింది. వెనకనుంచి ఇరుసుల కిర్రు, గిట్టల కింద ఇసుక నలుగుడు, ఎవరో గట్టిగా శ్వాస విడిచినట్టు చప్పుడు. బావ మెడ మీద వెచ్చటి గాలి తగిలింది. తిరిగి చూస్తే తెల్ల కోడె మూతి.

దాని వెనక బండి. ఆ బండి వెనక ఇంకొక బండి. పెన్న గట్టు దాకా వరుసగా ఐదు బండ్ల పత్తి, వాటి మీద ఐదుగురు నిద్రమొహాలు.

ఇసుకలో కుదుపు ఆగడంతో రెండో బండివాడు లేచాడు. కళ్ళు నలుపుకొని నాలుగు దిక్కులా చూసి, "ఏందప్పా, ప్రొద్దుటూరు వచ్చినామా? మండీ యాడికి పోయింది?" అని అడిగాడు. వాడంతటి మందమతిని నేను నా జన్మలో చూడలేదు.

కమాల్ బాషా దిగి, చేత్తో ఇసుక తీసి చూసుకొని, మా బావను పై నుంచి కింది దాకా చూశాడు.

"ఆదినారాయణప్పా, నేను ఇంతకాలంలో ఒక్కసారి దారి తప్పలేదు. ఈ పొద్దు నన్ను పెన్నలో నిలబెట్టినావు."

"నేనేం చేసినా కమాలన్నా? నా దారిన నేను పోతాండా!"

"పెద్దోని గంట కట్టుకొని నీ దారిన నువ్వు పోతే, అవి యాడికి పోతాయప్పా? సినిమాకు పోతాయా?"

అప్పుడు తట్టింది అందరికీ. ఒక్కసారిగా నవ్వు లేచింది, బావ తప్ప.

సరే, బండ్లు తిప్పమన్నారు. ఎద్దులు తిరగలేదు. ముల్లుకర్రతో పొడిచారు, అదిలించారు, బతిమాలారు. గంట ఇక్కడుంటే అవి ఎక్కడికి పోతాయి? గంట తీద్దామంటే కమ్మరి కొలిమి లేనిదే ఊడదు. గంటలో తలగుడ్డ కూరి చప్పుడు లేకుండా చేశారు. అప్పుడు ఎద్దులు ఇది మజిలీ కాబోలు అనుకొని పడుకునే ప్రయత్నంలో పడ్డాయి. గుడ్డ తీసేశారు.

"ఒకటే దారప్పా," అన్నాడు మూడో బండివాడు. "నువ్వే వెనక్కి తిప్పు. ముందర ప్రొద్దుటూరు పద. పత్తి దించినాక యాడికన్నా పో."

బావ మొహం పాలిపోయింది. "నాలుగు రోజులు దాటితే మూఢమప్పా. ప్రొద్దుటూరు పోయి, మళ్ళా పులివెందులకు పోయి, ఇల్లు చేరాలంటే యాడవుతాది? నిర్మల మూణ్ణెల్లు రాదు. మా యమ్మ దీన్ని కర్రులు చేపిస్తాది."

తెల్ల కోడె గోనెపట్ట నాకుతోంది. రెండోది మంచం కోడుకు దవడ రుద్దుకుంటోంది. కమాల్ బాషా వాటినే చూస్తూ అడిగాడు.

"అప్పా, నిర్మలమ్మ ఏమనింది? ఏ ఎద్దులు నెమరేస్తాంటే చూస్తాననింది?"

"అరణం ఎద్దులు."

"అవి యాడుండాయి?"

"ఈడనే."

"మరి వాటిని ప్రొద్దుటూరికి తోలి, ఉత్త చేతుల్తో పులివెందులకు పోయి, ఆయమ్మకు ఏం చూపిస్తావు? ఒట్టు పెడతావా?"

కొమ్ముల కొనల దాకా ఆలోచించిన మనిషి ఈ ఒక్క సంగతి మరిచాడు.

"అమ్మ ఏమంటాదో కమాలన్నా, పత్తి..."

"పత్తి కుళ్ళదులేప్పా. సంసారం అట్ల కాదు. పద, గంట మోగించు. రాజమ్మక్కకు నేను చెప్పుకుంటా."

తెల్ల కోడెల కాడికి పగ్గం కట్టి మోటారు సైకిలును ఇసుకలోనుంచి లాగారు. అక్కడినుంచి ఊరేగింపే. ముందు కొమ్ముల బండి, వెనక ఐదు పత్తి బండ్లు. ఇంజను వేడెక్కినప్పుడు తడి గోనె కప్పి ఆపాలి. ఆపినప్పుడల్లా ఎద్దులు నీళ్ళు తాగాలి. పులివెందుల బస్సు మమ్మల్ని దాటిపోతూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏమప్పా, దీనికి గడ్డి పెడతారా, నూనె పోస్తారా?" అన్నాడు. "రెండూ," అన్నాడు కమాల్ బాషా. ముద్దనూరు దాటి ఒక తోటలో మజిలీ చేసి, మర్నాడు పొద్దెక్కేసరికి పులివెందుల చేరాము.

మామ నారాయణ ఇంటి ముందర ఎద్దు కాలి గిట్ట చూస్తూ కూర్చొని ఉన్నాడు. గంట విని తల ఎత్తాడు. ఎర్రటి పట్టెలు, ఇత్తడి కుప్పెలు, చేతులు పైకెత్తి మొక్కుతూ వస్తున్న అల్లుడు, వెనక వీధి నిండా పత్తి.

"ఇదేంది అల్లుడా? బిడ్డనంపమంటే అంపమా? పత్తి ఎందుకు తోలుకొచ్చినావు?"

"నేను తోలుకురాలే మామా. అదే వచ్చింది."

ఆయన అల్లుణ్ణి వదిలేసి మోటారు సైకిలు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. కొమ్ములు తడిమి చూశాడు. వంగి మూపురం కోసం వెతికినట్టు సీటు నొక్కి చూశాడు. "కొమ్ములు బాగుండాయి," అన్నాడు. ఆయన నోట అల్లుడికి దక్కిన మొదటి మెచ్చుకోలు అదే.

నిర్మలమ్మ బయటికి వచ్చింది. మొగుడి వైపు చూడకుండా నేరుగా తన ఎద్దుల దగ్గరికి పోయింది. అవి ఆమె చేతులు నాకాయి.

"ఇంజను పెట్టు," అంది.

బావ తన్నాడు. పలకలేదు. మళ్ళీ తన్నాడు. పలకలేదు. వీధిలో చేరిన జనం ఒకరినొకరు చూసుకున్నారు. మూడోసారి తన్నేటప్పుడు వాడి పెదవులు కదలడం చూశాను. ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో తెలియదు. గుర్రు అంది.

తెల్ల కోడెలు రెండూ దానికి చెరొక పక్క నిలబడి ఉన్నాయి. కుడిది గడ్డం తెచ్చి సీటు మీద ఆనించి, కళ్ళు సగం మూసి, నెమరు వేయడం మొదలుపెట్టింది. ఎడమది కూడా. ఆ దవడలు కదులుతుంటే చూస్తూ నిలబడింది నిర్మలమ్మ. చివరికి చెయ్యి చాచి వెనకనున్న మంచం కోడును తడిమింది.

"ఇది అత్త మంచం కోడు కదా?"

"ఔ."

"అత్తకు తెలుసునా?"

"ఆమే ఊడదీసిచ్చింది. నువ్వు జారి పడకుండా ఆనుకోవాలంట."

"మరి ఆయమ్మ దేన్నానుకోని పండుకుంటాంది?"

"రాళ్ళు పెట్టుకునింది."

"సిగ్గుండాల నీకు," అంది నిర్మలమ్మ. అని లోపలికి పోయి, మూట తెచ్చుకొని, తండ్రి కాళ్ళకు దండం పెట్టి, ఎద్దు గడ్డాన్ని మెల్లగా పక్కకు తోసి, ఆ సీటు మీద కూర్చుంది. "బిరీన పద. మూఢం వస్తాంది."

"బిరీన పోదు ఇది," అన్నాడు బావ.

"తెలుసులే. అందుకే ఎక్కినా."

తిరుగు దారిలో పత్తితో సహా ప్రొద్దుటూరు పోయాము. లాల్ బాషా పని వదిలి రోడ్డు మీదికి వచ్చి, ముందు బండినీ, దాని మీద కొత్త పెళ్ళికూతురులాగా ఆనుకొని కూర్చున్న నిర్మలమ్మనూ, వెనక బండ్లనూ చూసి, బీడీ నోట్లో తిరగేసి పెట్టుకున్నాడు.

మూఢం పడకముందే ఇంటికి చేరినాక రాజమ్మత్త అంతా విన్నది. పత్తి ఆలస్యమైనందుకు కొడుకును తిట్టింది, కమాల్ బాషాను తిట్టింది, నన్ను ఊరికే తిట్టింది. తరువాత తీర్పు చెప్పింది. మోటారు సైకిలును కర్రులు చేయించరు. కానీ ఇక మీదట పెద్దోడి పని దానిది. ఏటా పత్తి బండ్లకు అదే ముందు నడవాలి, ఎద్దు నడకే నడవాలి, తోలేవాడు నిద్రపోకూడదు. అలాగే జరిగింది. ఆ ముందు బండి మీద వెనక సీటులో ఏటా నిర్మలమ్మే. మా పత్తి ఆ తరువాత ఎన్నడూ దారి తప్పలేదు.

ఇదంతా నిజమేనా అని మీరు అడుగుతారు. ఎద్దులు వెంబడించడం నిజం. పెన్న ఇసుక నిజం. మంచం కోళ్ళు నిజం; వాటిలో ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో పెరుగు కవ్వానికి ఆసరాగా ఉంది, వచ్చి చూసుకోవచ్చు. నేను కల్పించింది ఒక్కటే. పులివెందులకు పోయేటప్పుడు ఆ వెనక సీటులో నేను లేను. నేనే కాదు, ఎవరూ లేరు, నువ్వుండల గంప తప్ప. నిర్మల కూర్చునేదాకా ఇంకెవరినీ కూర్చోనివ్వనని బావ ఒట్టు పెట్టుకున్నాడు. ఎంత బతిమాలినా నన్ను ఎక్కించుకోలేదు. పత్తి బండ్ల మీద పోరా అన్నాడు. పోయాను.

రెండో బండి నాది. మండీ యాడికి పోయిందని అడిగినవాణ్ణి నేనే.